ఏరు దాటే ఖర్చు

మా తాతగారి జమాఖర్చుల పుస్తకంలో "కేవు" అనే మాట తరచుగా కనబడుతుంది. ఈ తరంవారిలో చాలామందికి ఆ మాట తెలియకపోవచ్చు. పడవ ఎక్కినందుకు పడవవానికి ఇచ్చుకునే కూలి కేవు. ఉప్పు, కిరసనాయిలు, పిల్లల పలకల పద్దుల నడుమ అణాలలోనూ కానులలోనూ ఆ మాట వస్తూనే ఉంటుంది. ఒక్కొక్క నెలలో అసలు కనబడదు. చిన్నప్పుడు ఆ నెలల్లో తాతగారు ప్రయాణాలు మానుకున్నారనుకునేవాడిని. కాలువలు కట్టేసిన నెలలవి అని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది.

నేను కూడా ఒక పుస్తకం రాస్తున్నాను. అందులో కేవు లేదు. పెట్రోలు ఉంది, సీజన్ టికెట్టు ఉంది, స్టేషను దగ్గర బండి నిలిపినందుకు స్టాండు రుసుము ఉంది. మా ఊరు వాడపల్లి. గౌతమీ గోదావరి ఒడ్డున, కోనసీమ తల దగ్గర ఉంటుంది. ఉద్యోగం తునిలో. ఉదయం కారులో లొల్ల, ఆత్రేయపురం, బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం బ్యారేజీ దాటి రాజమండ్రి స్టేషనుకు చేరతాను. అది ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడినుంచి తునికి రైలులో సుమారు నూరు కిలోమీటర్లు. సాయంత్రం అదే దారి తిరగబడుతుంది. మా వైపు దీనిని "అప్ అండ్ డౌన్ చెయ్యడం" అంటారు. ఇంతకన్న మంచి తెలుగు మాట ఉంటే మిత్రులెవరైనా చెప్పండి, నాకు దొరకలేదు.

ఈ పద్దులు కూడుతూ ఉండగా ఒకనాడు ఒక విచిత్రం కంటబడింది. నూరు కిలోమీటర్ల రైలుకు నెల మొత్తానికి నేనిచ్చే సీజన్ టికెట్టు సొమ్ము, నా కారు రెండు రోజుల్లో తాగే పెట్రోలుకు చాలదు. ఆంధ్రప్రదేశ్‌లో లీటరు పెట్రోలు నూరు రూపాయలు దాటింది 2021లో. రానూపోనూ అరవై ఆరు కిలోమీటర్లకు నాలుగు లీటర్ల పైన పోస్తున్నాను. అంటే నా ఖర్చంతా ప్రయాణంలో లేదు, రైలును చేరుకోవడంలో ఉంది. కోనసీమ చరిత్రలో రాకపోకలను గురించి చదివిన కొద్దీ ఇది నా ఒక్కడి లెక్క కాదని, నూట పాతికేళ్ళ నాటి లెక్క అని అనిపించింది. ఈ టపాకు అదే కారణం.

కోనసీమ మూడు వైపులా గోదావరి పాయలూ నాలుగో వైపు సముద్రమూ ఉన్న నేల అని అందరికీ తెలిసినదే. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, మధ్యలో రాజోలు సీమను వేరుచేస్తూ వైనతేయ. ధవళేశ్వరం దిగువన ఏ ఊరివాడైనా బయటి ప్రపంచానికి వెళ్ళాలంటే ఒక ఏరు దాటవలసిందే. ఏటికి ఇవతల బంధుత్వాలు, పొలాలు, తీర్థాలు. కోర్టు, పెద్దాసుపత్రి, కాలేజీ, రైలు మాత్రం అవతల.

ఈ నేలకు దారులు వేసినవాడు కాటన్ దొర. 1847లో మొదలై 1852లో ముగిసిన ఆనకట్టను మనం పంటలకోసమే స్మరిస్తాము. కాలువ చేనుకు నీరిచ్చేది మాత్రమే కాదు, మనుష్యులూ సరకులూ నడిచే దారి కూడా అన్నది ఆయన పట్టుదల. అందుకే లాకులు కట్టించాడు. బొబ్బర్లంక దగ్గర మొదలయ్యే మధ్య డెల్టా ప్రధాన కాలువ మా ఊరి పొరుగున లొల్ల దగ్గర చీలి కోనసీమ అంతటా పాకుతుంది. ఇప్పుడు సినిమావాళ్ళు పాటలు తీసుకుంటున్న ఆ లొల్ల లాకులు ఒకప్పుడు నాలుగు దారుల కూడలి. కాకినాడ నుంచి ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు దాకా నీటి మీదే పోగలిగిన రోజులుండేవి. రైళ్ళ మీద పోస్తున్న డబ్బు జలమార్గాల మీద పెడితే ఈ దేశానికి ఎక్కువ మేలని కాటన్ 1878లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్టు కమిటీ ఎదుట కూడా వాదించాడు. కమిటీ ఆయన మాటను అంగీకరించలేదు. దేశమంతటా రైలు గెలిచింది. కోనసీమకు మాత్రం కాటన్ కాలువలు మిగిలాయి, గెలిచిన రైలు రాలేదు. ఇందులో ఆయన తప్పు ఏమీ లేదు. కాని ఓడిన పక్షంలో మిగిలిపోయిన ప్రాంతం మాది అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

రైలు రాజమండ్రికి 1893లో వచ్చింది. గోదావరి మీద వంతెన లేదు గనుక కొన్నేళ్ళు ప్రయాణికులు ఒక ఒడ్డున దిగి, ఏరు దాటి, రెండవ ఒడ్డున మళ్ళీ ఎక్కవలసి వచ్చింది. రైలులో వచ్చే దొరలకు కూడా మా కోనసీమవాసులకు నిత్యమూ ఉండే అవస్థ ఆ కొద్దికాలం రుచి చూపించిందన్నమాట. దొరలకు కలిగిన అవస్థ త్వరగానే తీరింది. 1897లో పని మొదలుపెట్టి 1900 నాటికి యాభై ఆరు ఖానాల హేవలాక్ వంతెన కట్టేశారు. 1997 దాకా దానిమీద రైళ్ళు నడిచాయి. డెల్టా తల దగ్గర ఒక్కసారి గోదావరిని దాటితే చాలు, దిగువన మూడు నాలుగు పాయలను దాటే పని ఉండదు. ఇంజనీరు లెక్క అది, తప్పుపట్టలేము. ఆ లెక్కలో కోనసీమ పట్టాలకు దక్షిణాన ఉండిపోయింది.

ఇక తాతగారి ప్రయాణం. రాజమండ్రిలో దావా పని పడితే సాయంత్రమే అన్నం తిని, మరొక పూటకు చద్దిమూట కట్టించుకుని లొల్ల వెళ్ళి రహదారి పడవ ఎక్కేవారట. ఎదురు నీటిలో పడవకు తాడు కట్టి గట్టు మీద మనుష్యులు లాగేవారు, గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గెడ. పడవలో పడుకుంటే తెల్లవారేసరికి బొబ్బర్లంక. అక్కడినుంచి ఆనకట్టకు ఎగువన నిలిచిన నీటి మీద ఏరు దాటి ధవళేశ్వరం, ఆపైన జట్కా. వాయిదా ఉన్నది ఒక గంట. పోయినవి రెండు రాత్రులూ ఒక పగలూ. మా మామ్మ చెప్పిన లెక్క ఇంకా పెద్దది. ఆయన వచ్చేదాకా రేవు వైపు చెవి ఒగ్గి ఉండడం కూడా ప్రయాణంలో భాగమే అనేది. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తే పడవలు లేవు, వరదల్లో ఏరు దాటించేవాడు లేడు. ఏడాదిలో ప్రయాణం చేయదగిన రోజులు కాలువదీ గోదావరిదీ కలిసిన అనుమతితో వచ్చేవి. పుస్తకంలో కేవు లేని నెలలు అవే.

రైలును మా దగ్గరకు తెచ్చే ప్రయత్నం ఒకటి జరిగింది. 1928లో కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి దాకా పట్టాలు వేశారు. కోటిపల్లి గౌతమికి తూర్పు ఒడ్డు. ఎదురుగా ముక్తేశ్వరం, అక్కడినుంచి అమలాపురం. అంటే ముక్తేశ్వరం రేవులో నిలబడితే రైలు కూత వినబడుతుంది, రైలు మాత్రం అందదు. ఆ కూత కూడా పన్నెండేళ్ళకన్న ఎక్కువ వినబడలేదు. రెండవ ప్రపంచయుద్ధం రాగానే ఇనుము అవసరమై పట్టాలు పెరుక్కుపోయారు. మళ్ళీ వేసి రైలు నడిపింది 2004లో. ఒక తరం పుట్టి, చదువుకుని, ఉద్యోగం చేసి, పెన్షను తీసుకునేంత కాలం అది. యుద్ధంలో తీసుకున్న వస్తువును తిరిగి ఇవ్వడానికి అరవై ఏళ్ళు పైగా పట్టిందంటే, దానిని అప్పనాలో మరేమనాలో నాకు తెలియదు.

నాన్నగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో రాజమండ్రిలో గది అద్దెకు తీసుకుని ఉండేవారు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్ళేవారు. జాతీయ రహదారి మీద జొన్నాడ వంతెన పడిన తరువాత రావులపాలెం మీదుగా బస్సు దారి ఏర్పడింది గాని అది చుట్టుదారి, పైగా రెండు బస్సులు. "రోజూ వెళ్ళి రావడం" అనే ఆలోచనే మా ఊళ్ళో ఉండేది కాదు. పాత ఆనకట్ట స్థానంలో 1970లో మొదలుపెట్టిన బ్యారేజీ 1982లో పూర్తయి దానిమీద రోడ్డు పడేసరికి ఆ ఆలోచన పుట్టింది. వంతెన దూరాన్ని తగ్గించడంతో ఆగలేదు, ఒక కొత్త రకం మనిషిని కూడా సృష్టించింది. పొద్దున్నే కేరియర్ పట్టుకుని వెళ్ళి, దీపాలు పెట్టాక తిరిగివచ్చే మనిషి. మా ఊళ్ళో ఆ మొదటి తరంవారిలో నాన్నగారొకరు.

ఆ ఏడాది నుంచి నాన్నగారి పుస్తకంలో గది అద్దె పద్దు పోయింది. హోటలు భోజనం పద్దు పోయింది. బస్సు చార్జీలు పెరిగాయి గాని మొత్తం మీద మిగిలిందనే ఆయన లెక్క. అమ్మ లెక్క అందులో రాలేదు. ఆయన మొదటి బస్సు అందుకోవాలంటే ఆమె నాలుగింటికి లేవాలి. పొయ్యి వెలిగించి, అన్నం వార్చి, కేరియర్ సర్ది, మళ్ళీ రాత్రి తొమ్మిదింటికి వడ్డించి, అంట్లు తోముకుని పడుకోవాలి. పాతికేళ్ళు అలా గడిచింది. ఒకసారి అడిగితే, "గదిలో ఉన్నన్నాళ్ళూ మీ నాన్నగారికి కడుపునొప్పి ఉండేదిరా, ఇంటి అన్నం తిన్నాక పోయింది" అని మాత్రం అంది. బ్యారేజీ వలన ఎన్ని ఎకరాలు సాగయ్యాయో చెప్పే గ్రంథాలలో ఈ నాలుగింటి పొయ్యి ప్రస్తావన నాకెక్కడా కనబడలేదు.

ఇక్కడ మా ఊరి కారును గురించి ఒక్క మాట, ప్రసంగవశాత్తు. ఇంగ్లీషులో దేవుడి రథాన్ని కూడా కారే అంటారు కదా. 1931 మార్చిలో మా వేంకటేశ్వరస్వామి రథోత్సవంలో రథం మీద గాంధీగారి పటం పెట్టారని పోలీసులు అడ్డుపడ్డారు. జనం వినలేదు. కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆనాడు ఆ తీర్థానికి జనం నడిచీ బళ్ళమీదా పడవలమీదా వచ్చారు. ఈనాడు ఏడు శనివారాల మొక్కు పేరుతో ఎక్కడెక్కడినుంచో కార్లలో వస్తున్నారు. శనివారం నాడు నేను ఊరు దాటాలంటే ఎదురుగా వచ్చే వాహనాల బారును తప్పించుకుంటూ కాలువ గట్టు మీద గంటన్నర పడుతుంది. స్వామి మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ గట్టు పడవలను లాగే మనుష్యులు నడవడానికి వేసినది. దానిమీద ఇన్ని కార్లు ఎలా పడతాయి?

నేను కారు కొన్నప్పుడు నలుగురం కలిసి వెళ్ళేవాళ్ళం. మా ఊరినుంచి నేనూ ఒక బ్యాంకు ఉద్యోగీ, లొల్లలో ఒక మాస్టారు, ఆత్రేయపురంలో ఒక లాయరుగారి గుమాస్తా ఎక్కేవారు. పూతరేకులు తప్ప మరొకటి తెలియని ఊరని ఆయనను మేము ఏడిపించేవాళ్ళం. నలుగురికీ పంచితే పెట్రోలు బస్సు చార్జీకి దగ్గరగానే వచ్చేది. మాస్టారు రిటైరయ్యారు. బ్యాంకాయన పిల్లల చదువులకని రాజమండ్రిలో ఇల్లు తీసుకున్నారు. మూడేళ్ళ కిందట గుమాస్తాగారు కూడా ధవళేశ్వరం మారిపోయారు. నూట ఇరవై రూపాయల వాటా నూట అరవై, ఆపైన రెండువందల నలభై, చివరికి నాలుగువందల ఎనభై అయింది. పెట్రోలు పెరగడం ఒక కారణం మాత్రమే. ఊరినుంచి ఒక్కొక్కరు వెళ్ళిపోయినప్పుడల్లా మిగిలినవాడి పద్దు పెరుగుతుందన్నది నా పుస్తకం నేర్పిన విషయం. వాళ్ళు మారిపోయింది కూడా ఈ ఖర్చు భరించలేకే. ఆ తరువాత భరించవలసినవాడు మరొకడు.

రైలు పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ మనిషి పెరిగితే చోటు తగ్గుతుంది గాని ఖర్చు మారదు. పొద్దుటి బండిలో సామర్లకోట దాకా నిలబడే ఉంటాము. అక్కడ కాకినాడవైపు వెళ్ళేవారు దిగుతారు, కూర్చుంటాము. పిఠాపురం దాటితే పేకముక్కలు బయటికి వస్తాయి. అన్నవరం కొండ కనబడగానే ఆడుతున్నవాళ్ళు కూడా ఒక్కసారి చేతులు జోడించి మళ్ళీ ముక్క వేస్తారు. ఆ పెట్టెలో ఎవరి కూతురికి ఏ సంబంధం చూస్తున్నారో, ఎవరి మోకాలికి ఏ తైలం పనిచేసిందో నాకు తెలుసు. చాలామంది పేర్లు మాత్రం తెలియవు. కారులో ఉన్న నలుగురి ఇంటిపేర్లు, అప్పులతో సహా తెలుసు.

2020 మార్చిలో రైళ్ళన్నీ ఆగిపోయాయి. మళ్ళీ మొదలైనప్పుడు పాసింజరు బళ్ళు ఎక్స్‌ప్రెస్ పేరుతో వచ్చాయి; కనీస చార్జీ పదినుంచి ముప్ఫై రూపాయలైంది. బండి అదే, ఆగే స్టేషన్లు అవే. ఆ చార్జీ మళ్ళీ పది రూపాయలకు దిగినది 2024 ఫిబ్రవరిలో. సీజన్ టికెట్లు లేని ఆ నెలల్లో నేను తునిదాకా కారులోనే వెళ్ళవలసి వచ్చిన రోజులున్నాయి. పుస్తకంలో ఆ పేజీలను ఇప్పటికీ తిరగవెయ్యను.

ఖర్చు డబ్బుతో ఆగదని కూడా చెప్పాలి. 2015 జూన్‌లో తిరుపతి నుంచి తిరిగివస్తున్న యాత్రికుల వ్యాను ధవళేశ్వరం బ్యారేజీ మీదనుంచి కిందపడి ఇరవైమందికి పైగా చనిపోయారు. మరునాడు కూడా మేము ఆ దారినే వెళ్ళాము. కారులో ఎవరూ మాట్లాడలేదు. ధవళేశ్వరం శాఖ, పిచ్చుకలంక, ర్యాలీ శాఖ దాటి బొబ్బర్లంక చేరేదాకా ఆ కొద్ది నిమిషాలూ నేను ఇప్పటికీ రేడియో కట్టేస్తాను.

వానాకాలం వస్తే మా వంటివారికి మూడు అంకెలు కంఠస్థం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండవది, 17.75 అయితే మూడవది. 1986 ఆగస్టు వరదను చూసినవారు ఈ అంకెలను మంత్రంలా చదువుతారు. తాతగారి రోజుల్లో ఏరు పొంగితే పడవ ఆగేది, ఆయన ఇంట్లో ఉండిపోయేవారు. కోర్టు కూడా గోదావరి మాట మన్నించేదట. ఇప్పుడు వంతెనలున్నాయి గనుక ఏరు పొంగడం సెలవుకు కారణం కాదు. రావులపాలెం, జొన్నాడ మీదుగా తిరిగి రావాలి, అంతే.

కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి రైలు దారి 2000-01లో మంజూరైంది. దాని వెనుక జి.ఎం.సి. బాలయోగిగారి పట్టుదల ఉన్నదని మా వైపు అందరూ చెబుతారు. లోక్‌సభ స్పీకరుగా ఉంటూనే ఆయన 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. ఆయన పేరు పెట్టిన యానాం-ఎదుర్లంక వంతెన మీద కార్లూ బస్సులూ తిరుగుతున్నాయి. రైలు వంతెనకు గౌతమిలో స్తంభాలు లేచాయి. 57 కిలోమీటర్ల దారి, మూడు పాయలు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా అయింది. అమలాపురం జిల్లా కేంద్రమైంది, రైలు స్టేషను లేని జిల్లా కేంద్రం. గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడక్టు కట్టి రాజోలు సీమకు నీళ్ళు దాటించింది 1850లలో. నీళ్ళు ఏరు దాటి నూట డెబ్భై ఏళ్ళైంది. రైలు దాటవలసి ఉంది.

ఆ రైలు వచ్చినా మా వాడపల్లికి దగ్గర స్టేషను రాజమండ్రే అవుతుందని నాకు తెలుసు. నా పద్దు ఒక్క రూపాయి తగ్గదు. అమలాపురం, ముమ్మిడివరం పిల్లలు పరీక్ష రాయడానికి విశాఖ వెళ్ళాలంటే ముందురోజు రాత్రి రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద పడుకోవడం మాత్రం తప్పుతుంది. వాళ్ళలో కొందరిని నేను పొద్దున్నే చూస్తూ ఉంటాను, సంచి తలకింద పెట్టుకుని, హాల్ టికెట్టు జేబులో తడుముకుంటూ.

రాజమండ్రిలో ఇల్లు తీసుకోమని బ్యాంకాయన పోయిన ఉగాదికి కూడా అన్నారు. ఆయన లెక్క వేసి కాగితం మీద చూపించారు; అద్దె పోగా నెలకు నాలుగైదు వేలు నాకు మిగులుతుంది. లెక్కలో తప్పేమీ లేదు. అమ్మకు ఎనభై దాటాయి. నాన్నగారు పోయినా ఆ ఇల్లూ ఆ రేవూ విడిచి రానంటుంది. ఇప్పుడు నాలుగింటికి లేచేది మా ఆవిడ. అమ్మ కూడా లేస్తుంది, అలవాటు కొద్దీ. గుమ్మంలో స్తంభానికి ఆనుకుని నిలబడి, నేను కారు తలుపు తీస్తుండగా రోజూ ఒకే ప్రశ్న అడుగుతుంది.

"గోదారి ఎంతుందిట్రా?"

నిన్న పది అడుగుల లోపే ఉందని చెప్పాను. బొబ్బర్లంక మీదుగానే వెళ్ళాను.